దాసి రాసిన నాటకం ఏమైంది?

ఒక కృతిని ఒక ప్రక్రియ నుంచి మరొక ప్రక్రియలోకి మార్చినప్పుడు ఏదో ఒకటి పోక తప్పదు. పోయిందని బాధపడటం విమర్శ కాదు. ఏది పోయింది, ఎందుకు పోయింది, దాని స్థానంలోకి ఏది వచ్చి కూర్చున్నది - ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగితేనే విమర్శ. నాటకం సినిమా అయినప్పుడు మన విమర్శకులు సాధారణంగా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. మూలంలో ఉన్న అందం ఇందులో లేదని ఒక నిట్టూర్పు విడిచి, నటీనటుల పేర్లు నాలుగు చెప్పి, వ్యాసం ముగిస్తారు. ఆ అందం దేనివల్ల కలిగిందో, దాన్ని తీసెయ్యవలసిన అవసరం ఎవరికి వచ్చిందో అడగరు.

ఈ మూడు ప్రశ్నలూ వెయ్యదగిన చిత్రం ఒకటి 1999 మార్చిలో అమెరికాలో విడుదలయింది. పేరు ‘ది కింగ్ అండ్ ఐ’. కదిలే బొమ్మల చిత్రం. రిచర్డ్ రిచ్ దర్శకుడు, వార్నర్ బ్రదర్స్ పంపిణీదారు. ఇదే పేరు గల సంగీత నాటకం దీనికి మూలం. రిచర్డ్ రాడ్జర్స్ సంగీతం, ఆస్కార్ హామర్‌స్టీన్ మాటలూ పాటలూ సమకూర్చిన ఆ నాటకం 1951 మార్చి 29న న్యూయార్కులో సెయింట్ జేమ్స్ థియేటర్‌లో మొదలైంది. రాజు పాత్రధారి యూల్ బ్రిన్నర్ తన జీవితకాలంలో ఆ వేషాన్ని 4,600 సార్లకు పైగా వేశాడు. 1956లో వచ్చిన సినిమాలోనూ అతనే రాజు. ఇంత పేరున్న నాటకాన్ని బొమ్మల చిత్రం చేస్తే అది సుమారు రెండున్నర కోట్ల డాలర్లు మింగి, అమెరికా థియేటర్లలో అందులో సగం మాత్రమే తిరిగి రాబట్టింది. విమర్శకులు చీల్చి చెండాడారు, జనం మరిచిపోయారు.

మరిచిపోయిన చిత్రాన్ని గురించి పాతికేళ్ల తర్వాత రాయటమెందుకు? చిత్రం చచ్చిపోయింది గాని దాన్ని తయారుచేసిన పద్ధతి చావలేదు. పిల్లల కోసం కథను "తేలిక" చేస్తున్నామన్న పేరుతో కథలోని సాంఘిక ప్రశ్నను పీకేసి, ఆ గుంటను మంత్రతంత్రాలతో పూడ్చే పద్ధతి అది. విజయం సాధించిన చిత్రంలో ఈ పని నేర్పుగా జరుగుతుంది, అతుకులు కనిపించవు. విఫలమైన చిత్రంలో అతుకులన్నీ బయటపడతాయి. విద్యార్థికి పనికివచ్చేది రెండవదే.

ముందు నాటకం కథ చెప్పుకుందాం. 1862లో ఆనా అనే ఇంగ్లీషు వితంతువు కొడుకును వెంటబెట్టుకుని సయాం దేశానికి వస్తుంది. ఇప్పుడు మనం థాయిలాండ్ అంటున్న దేశమే సయాం. రాజుగారి పిల్లలకూ భార్యలకూ ఇంగ్లీషు చదువు చెప్పటం ఆమె ఉద్యోగం. రాజు కొత్త విద్యలు కావాలంటాడు, పాత అధికారం వదలనంటాడు. ఆనా తనకు ఇస్తానన్న ఇల్లు ఇవ్వలేదని రాజుతో పేచీ పెట్టుకుంటుంది. ఈ పేచీల మధ్య ఇద్దరికీ ఒకరిపట్ల ఒకరికి ఆదరం పెరుగుతుంది. ఇది పైకథ.

దీనికింద మరొక కథ ఉన్నది. టప్టిం అనే పిల్లను బర్మా రాజు సయాం రాజుకు కానుకగా పంపుతాడు. ఏనుగునో గుర్రాన్నో పంపినట్టు మనిషిని పంపుతాడు. ఆమెను తీసుకువచ్చిన లున్ థా అనే యువకుడూ ఆమే ప్రేమించుకున్నారు. రాజు సొత్తును ప్రేమించటం మరణంతో సమానం. ఆ పిల్ల చదువుకున్నది. ఆనా దగ్గర హారియట్ బీచర్ స్టోవ్ నవల ‘అంకుల్ టామ్స్ కేబిన్’ తీసుకుని చదువుతుంది. 1852లో పుస్తకంగా వచ్చి, అమెరికాలో నీగ్రో బానిసత్వాన్ని గురించి లక్షలమందిని కదిలించిన నవల అది. సయాం రాజు అనాగరికుడో కాదో చూసి పోదామని ఇంగ్లీషు దొరలు వస్తారు. వాళ్లకు ఇచ్చే విందులో టప్టిం ఆ నవలను నాటకంగా రాసి, సయాం నృత్యరీతిలో ఆడిస్తుంది. క్రూరుడైన యజమాని అందులో రాజు వేషంలో కనిపిస్తాడు. బానిసపిల్ల ఎలైజా పారిపోతుంది, నది గడ్డకడుతుంది, ఆమె దాటిపోతుంది, వెంటబడిన రాజు మునిగిపోతాడు. కథ చెబుతున్న టప్టిం అక్కడ పాత్రను వదిలేసి సొంత గొంతుతో మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆ రాజు చావుకు తానూ సంతోషిస్తున్నానంటుంది. సభలో కూర్చున్న అసలు రాజు ముఖం మాడిపోతుంది. ఆమె తమాయించుకుని కథ ముగిస్తుంది. ఆ రాత్రే పారిపోతుంది.

నా దృష్టిలో ఈ సంగీత నాటకానికి ఆయువుపట్టు ఈ ఘట్టం. రాజూ ఆనా కలిసి తిరిగే నాట్యాన్ని లోకమంతా జ్ఞాపకం పెట్టుకున్నది. ఆ నాట్యం పట్టపగ్గాలు తెంచుకున్న క్షణంలోనే దాసి పట్టుబడిందన్న వార్త వచ్చి దాన్ని తెంపేస్తుందన్న సంగతి మరిచిపోయింది. రాజు కొరడా ఎత్తుతాడు. ఆనా ఎదురుగా నిలుచుంటుంది. అతను కొట్టలేడు, కొట్టకుండా రాజుగా ఉండనూ లేడు. కొరడా పారేసి పోతాడు. లున్ థా నదిలో శవమై దొరుకుతాడు. రాజు మంచం పట్టి, కొడుకు రాజ్యానికి కొత్త శాసనాలు చెబుతుండగా ప్రాణం విడుస్తాడు. కుంగిపోయి చచ్చిన రాజు కథ ఇది అనుకోవటం పొరపాటు. ఒక బానిసపిల్ల నాలుగు మాటలు రంగస్థలం మీద పలికినందువల్ల ఒక రాజరికం లోపల్నుంచి బీటలు వారిన కథ ఇది.

రంగస్థలం ఏలికను భయపెట్టగలదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడినప్పుడు మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిజాం రాజ్యంలోని రైతు కథ ఆడితే పక్కరాష్ట్రం ప్రభుత్వానికి ఎందుకు వణుకు పుట్టింది? సభలో కూర్చున్నవాడు వేషంలో తనను తాను గుర్తుపట్టాడు గనుక. టప్టిం నాటకం చూసిన సయాం రాజుకు పుట్టింది ఈ వణుకే.

ఈ ఘట్టాన్ని సమకూర్చినవాళ్ల చరిత్ర కూడా తెలుసుకోదగినది. నృత్యం కూర్చినవాడు జెరోమ్ రాబిన్స్. అతను పూర్వం కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. నాటకం మొదలైన రెండేళ్లకు, 1953లో, అమెరికా పార్లమెంటు విచారణ సంఘం ముందు నిలబడి పాత సహచరుల పేర్లు చెప్పాడు. పారిపోయే ఎలైజాగా ఆడిన నర్తకి యురికో జపాను సంతతి అమెరికన్. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం తన దేశంలోని జపాను సంతతి వాళ్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టినప్పుడు ఆమె ఆరిజోనాలోని హీలా రివర్ శిబిరంలో ఉన్నది. అంటే, ముళ్లకంచె లోపల బతికిన మనిషి ముళ్లకంచె దాటే బానిసను ఆడింది. దాన్ని కూర్చిన మనిషి మరి రెండేళ్లకు భయానికి లొంగిపోయాడు. 1951 నాటి అమెరికా ఆ పదిహేను నిమిషాల నృత్యంలో ఇలా దాగి ఉన్నది. హామర్‌స్టీన్ విప్లవకారుడేమీ కాదు, ఉదారవాది. కాని సయాం రాజును దోషిగా నిలబెట్టటానికి అతను ఎంచుకున్న సాక్ష్యం అమెరికా బానిసత్వాన్ని గురించిన పుస్తకం. ప్రేక్షకుడు సయామును చూసి నవ్వుకుంటూ ఉండగా అతని వెనక నుంచి అతని దేశమే లేచి నిలబడుతుంది.

ఇప్పుడు బొమ్మల చిత్రానికి వద్దాం.

బొమ్మల చిత్రంలో టప్టిం నాటకం లేదు. లున్ థా లేడు. టప్టిం రాజభవనంలో పనిచేసే దాసి. ఆమెను ప్రేమించేది యువరాజు చులాలాంగ్‌కోర్న్. అడ్డువచ్చేది యువరాజు దాసిని పెళ్లాడకూడదన్న ఆచారం. చివరకు రాజు మనసు మారుతుంది, పెళ్లికి ఒప్పుకుంటాడు. రాజు చావడు. ఆనాతో కలిసి మళ్లీ నాట్యం చేస్తాడు.

పైపైన చూస్తే ఇది సుఖాంతం చేయటమే. కాని లోతుగా చూడండి. మూలంలో సమస్య ఏమిటి? ఒక మనిషి మరొక మనిషికి సొత్తు కావచ్చునా అన్నది. చిత్రంలో సమస్య ఏమిటి? పనిపిల్ల రాణి కావచ్చునా అన్నది. ఈ రెండు ప్రశ్నలకూ హస్తిమశకాంతరం ఉన్నది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అంతఃపురం తలుపులు తెరవాలి. రెండవ ప్రశ్నకు ఒక్క పెళ్లి చాలు. ఒక దాసి రాణి అయినంత మాత్రాన మిగిలిన దాసీలు దాసీలుగానే ఉంటారు, పైగా వాళ్లకు ఒక రాణి ఎక్కువవుతుంది. మన జానపద సినిమాల్లో పేదపిల్లను రాకుమారుడు చేపట్టగానే తెర పడటం చూసి చూసి మనకు ఇది సహజంగా కనిపిస్తుంది. సహజంగా కనిపించటమే ప్రమాదం.

టప్టిం పోగొట్టుకున్నది ప్రియుణ్ణి కాదు, ప్రియుడు దొరికాడు. ఆమె పోగొట్టుకున్నది రచనను. మూలంలో ఆమె చదువుతుంది, ఆలోచిస్తుంది, పరాయిదేశపు కథలో తన కథను గుర్తుపడుతుంది, దాన్ని తన దేశపు నృత్యంలోకి మారుస్తుంది, శత్రువు ముందే ఆడిస్తుంది. సాహిత్యం మనిషికి ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు ఆ రంగస్థలం మీద ఎన్నడూ వచ్చి ఉండదు. చిత్రంలో ఆమె అందంగా ఉంటుంది, భయపడుతుంది, ఇతరులు కాపాడితే బయటపడుతుంది. అక్షరం వచ్చిన బానిసను తీసేసి, అందం ఉన్న దాసిని పెట్టారు.

దీని స్థానంలోకి వచ్చి కూర్చున్నది ఏది? మంత్రగాడు. రాజుగారి ప్రధానమంత్రి క్రలహోమ్ చిత్రంలో దుష్టుడైన మాంత్రికుడయ్యాడు. ఒక పెద్ద గంట మోగించి ఇంద్రజాలం చేస్తాడు, ఆనా వచ్చే ఓడ మీదికి సముద్రంలోంచి భయంకర సర్పాన్ని లేపుతాడు. రాజ్యం కాజేయాలని అతని ఎత్తు. అతని తోడు ఒక పొట్టి సేవకుడు. వాడి పళ్లు ఒక్కొక్కటే ఊడిపోతుంటే పిల్లలు నవ్వాలట. ఆసియావాళ్లను వెటకరించటానికి హాలీవుడ్ పూర్వం వాడిన ముఖాన్నే మళ్లీ తెచ్చి ఈ పాత్రకు అతికించారు.

ఈ మార్పు ఎంత దూరం పోయిందో చూడాలి. నాటకంలో క్రలహోమ్ రాజుకు విశ్వాసపాత్రుడు, కఠినుడు, ఆనాను మొదటినుంచీ అనుమానంతో చూసేవాడు. రాజు కుప్పకూలిన తర్వాత నీవే అతణ్ణి నాశనం చేశావని ఆనా ముఖం మీద చెప్పేవాడు అతనే. అతను చెప్పింది పూర్తిగా నిజమా అన్నది వేరే సంగతి. పరాయి చదువుతో పాటు పరాయి పెత్తనం కూడా వస్తుందని, దాని ఖరీదు దేశం చెల్లించవలసి వస్తుందని చెప్పే గొంతు నాటకంలో ఒకటి ఉన్నది. చిత్రం ఆ గొంతును మాంత్రికుడి గొంతు చేసింది. ఆనాను శంకించేవాడు దుర్మార్గుడే కావాలి, లేకపోతే ఆమె మంచితనానికి లోటు వస్తుంది!

సామ్రాజ్యవాదం మాట చూడండి. నాటకంలో ఇంగ్లీషువాళ్లు సయాం రాజును అనాగరికుడని ముద్రవేసి దేశాన్ని తమ రక్షణ కిందికి తీసుకుంటారన్న భయం రాజును పీడిస్తుంది. ఈ భయం కవికల్పన కాదు. 1852 యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు పొరుగున ఉన్న దిగువ బర్మాను మింగారు. 1855లో సయాం చేత బౌరింగ్ ఒడంబడిక మీద సంతకం పెట్టించారు. దాని ప్రకారం దిగుమతి సుంకం నూటికి మూడుకు మించకూడదు. సయాంలో ఉన్న బ్రిటిషు పౌరుడు నేరం చేస్తే సయాం కోర్టు విచారించకూడదు. తుపాకీ పేల్చకుండానే ఒక దేశపు ఖజానాకూ న్యాయస్థానానికీ తాళం వెయ్యటం అంటే ఇదే. రాజు దొరలకు విందు ఇచ్చేది ఈ తాళం చెవుల కోసం. చిత్రంలో ఈ భయం మాంత్రికుడి కుట్రగా మారిపోయింది. రాజు అనాగరికుడని క్రలహోమ్ ఇంగ్లీషువాళ్లకు చాడీలు చెబుతాడు, నమ్మి వాళ్లు వస్తారు, చూసి తృప్తిపడి పోతారు. దేశాన్ని మింగచూసినవాడు న్యాయనిర్ణేత అయి కూర్చున్నాడు. నేరమంతా దేశంలోని ఒక నల్లమనసు మీద పడింది. వలసపాలనను గురించి ఒక్క మాట అనకుండా వలసపాలకుణ్ణి నిర్దోషిని చెయ్యటం ఎలాగో నేర్చుకోవాలంటే ఈ చిత్రం చూడాలి.

పాటలకు పట్టిన గతి కూడా ఇటువంటిదే. సంగీత నాటకంలో పాటకు ఒక నియమం ఉన్నది: మాటతో చెప్పలేనంతగా లోపలి సంఘర్షణ ముదిరినప్పుడు పాట పుడుతుంది. పరాయి రేవులో దిగుతూ ఆనా కొడుకుకు ధైర్యం చెప్పే ఈల పాట భయాన్ని దాచుకునే పాట. ఓడ మీద ఉన్న ఆమెకు ఎదురుగా కనిపించేది తెలియని ఊరు, అంతే. ఆ తెలియనితనమే భయం. చిత్రంలో ఆ పాట వచ్చేటప్పుడు తుపాను, సముద్రసర్పం. రాజు ఒంటరిగా పాడే పాట మరొకటి ఉన్నది. తండ్రి నేర్పిన నిశ్చయాలు తనకు నిలవటం లేదని, ఏది నమ్మాలో తెలియటం లేదని తనతో తాను వాదించుకునే పాట అది. రాజరికపు అంతస్సంక్షోభమంతా అందులో ఉన్నది. చిత్రంలో రాజు ఆ పాట పాడుతూ, మాంత్రికుడి మాయవల్ల ప్రాణం వచ్చి మీదపడే రాతిబొమ్మలతో పోరాడతాడు! సందేహంతో పోరాడవలసినవాణ్ణి శిల్పాలతో పోరాడిస్తే సందేహం మాయమవుతుంది, శిల్పాలు మాత్రం మిగులుతాయి. రాడ్జర్స్ బాణీలు చెక్కుచెదరలేదు. క్రిస్టియన్ నోల్ ఆనా పాటలను, మార్టిన్ విద్నోవిక్ రాజు పాటలను చక్కగానే పాడారు. చెవికి పాట అందుతుంది గాని, ఆ పాట ఎందుకు పుట్టిందో కంటికి కనిపించదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. నాటక సాహిత్యం పాఠంలో ఈ సంగతి ప్రస్తావించినప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: "పసిపిల్లల సినిమాలో బానిసత్వం, కొరడా, శవం చూపిస్తే వాళ్లు భయపడరా, మాస్టారూ?" న్యాయమైన ప్రశ్న. కాని ఈ చిత్రంలో సర్పాలున్నాయి, నడిచే రాళ్లున్నాయి, తెగే వంతెన ఉన్నది, గాలిబుడగలో ఎగిరిన రాజును మంత్రి బాణసంచాతో కూలగొట్టటం ఉన్నది. భయానికి కొదవ లేదు. తీసేసింది భయానికి కారణాన్ని. మాంత్రికుణ్ణి చూసి భయపడ్డ పిల్లవాడు వాడు ఓడిపోగానే నిశ్చింతగా నిద్రపోతాడు. ఒక పిల్లను కానుకగా పంపారని తెలిసిన పిల్లవాడు మర్నాడు తన ఇంట్లో అంట్లు తోమే పిల్లను చూసి ఏదో అడుగుతాడు. పెద్దలు భయపడేది ఆ ప్రశ్నకే.

పిల్లలకు బొమ్మలతో బరువైన సంగతి చెప్పటం అసాధ్యమా? అదే 1999లో, అదే వార్నర్ బ్రదర్స్ సంస్థ బ్రాడ్ బర్డ్ దర్శకత్వంలో ‘ది ఐరన్ జెయింట్’ అనే బొమ్మల చిత్రం విడుదల చేసింది. 1957 నాటి అమెరికాలో ఒక కుర్రవాడికి ఆకాశం నుంచి పడిన ఇనుప రాక్షసుడు దొరుకుతాడు. యుద్ధయంత్రంగా తయారైన ఆ రాక్షసుడు తుపాకీగా బతకటానికి నిరాకరిస్తాడు. ప్రచ్ఛన్నయుద్ధపు పిచ్చి ఎలాంటిదో పదేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేటట్టు చెప్పిన చిత్రం అది. జపానులో ఇసావో తకాహతా 1988లో తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ యుద్ధంలో ఆకలితో చనిపోయే అన్నాచెల్లెళ్ల కథ. బొమ్మకు బరువు మొయ్యలేని బలహీనత ఏమీ లేదు. బరువు ఎత్తమని చెప్పేవాడు కావాలి.

మరి ఇక్కడ ఎందుకు చెప్పలేదు? దీనికి జవాబు కళలో లేదు, వ్యాపారంలో ఉన్నది. 1990ల్లో డిస్నీ చిత్రాలు కోట్లకు కోట్లు తెచ్చాయి. 1992 నాటి ‘అల్లాద్దీన్’లో రాజ్యం కాజేయజూసే మాంత్రిక మంత్రి, అతని పక్కన నవ్వించే చిలుక, నాయకుడి పక్కన కోతి. ‘ది కింగ్ అండ్ ఐ’లోనూ మాంత్రిక మంత్రి, నవ్వించే సేవకుడు, కోతి, నల్లచిరుత, ఏనుగుపిల్ల. అచ్చు ఒకటే, ఇటుకలు మారాయి. రిచర్డ్ రిచ్ డిస్నీ సంస్థలో దర్శకత్వం చేసి బయటకు వచ్చినవాడే. లాభం తెచ్చిన అచ్చులో ఏ దేశపు కథనైనా, ఏ కాలపు కథనైనా పోసి తీయవచ్చునన్నది పెట్టుబడి నమ్మకం. ఆ అచ్చులో పట్టనిది విరిగి కిందపడుతుంది. ఇక్కడ విరిగిపడింది దాసి రాసిన నాటకం.

ఇది కొత్త జబ్బు కాదు. టప్టిం చదివిన నవలకే ఈ గతి పట్టింది. స్టోవ్ నవలలో టామ్ పారిపోయిన బానిస స్త్రీల ఆచూకీ చెప్పనందుకు దెబ్బలు తిని చనిపోతాడు. చావుకు సిద్ధపడి నోరు విప్పని మనిషి అతను. ఆ నవలను అమెరికా నాటక కంపెనీలు దశాబ్దాల తరబడి ఊరూరా ఆడుతూ, ముఖానికి మసి పూసుకున్న తెల్లవాళ్ల చేత గంతులు వేయించి, టామ్‌ను యజమాని కాళ్లు పట్టుకునే ముసలివాడుగా దిగజార్చాయి. ఇప్పుడు "అంకుల్ టామ్" అన్నమాట తిట్టుగా మిగలటానికి నవల కంటే ఆ ప్రదర్శనలే ఎక్కువ కారణం. పీడితుడి ప్రతిఘటనను తీసేసి అతని కన్నీళ్లను మాత్రమే మిగిల్చే విద్యలో వ్యాపార రంగస్థలం ఎప్పుడో ఆరితేరింది.

నా సోదర విమర్శకులు కొందరు మరొక పక్కనుంచి ఆక్షేపిస్తారు. మూల నాటకమే సామ్రాజ్యవాద సంతానం కదా, దాన్ని వెనకేసుకువస్తావేమిటని. ఈ మాటలో నిజం ఉన్నది. 1950 అక్టోబరులో థాయిలాండ్ అమెరికాతో సైనిక సహాయ ఒప్పందం చేసుకున్నది, కొరియా యుద్ధానికి సైన్యం పంపింది. ఆ మరుసటి వసంతంలో న్యూయార్కు రంగస్థలం మీద ఒక తెల్ల పంతులమ్మ సయాం పిల్లలకు ప్రపంచ పటంలో వాళ్ల దేశం ఎంత చిన్నదో చూపించింది. ఆసియాకు తుపాకులు పంపే దేశానికి తాను పలకా బలపం పంపుతున్నానన్న తృప్తి కావాలి. ఆ తృప్తి ఈ నాటకం ఇచ్చింది.

చరిత్ర దగ్గరకు పోతే నాటకం ఇంకా నిలవదు. ఆనా లియొనొవెన్స్ తాను వేల్సులో పుట్టానని, భర్త సైన్యాధికారి అని చెప్పుకున్నది. పరిశోధకులు తేల్చింది వేరు. ఆమె 1831లో మన అహ్మద్‌నగర్‌లో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలోని ఒక సార్జంటుకు పుట్టింది. తల్లి పక్షాన భారతీయ రక్తం ఉండి ఉంటుందని వాళ్ల అభిప్రాయం. భర్త గుమాస్తా. తెల్లతనానికి అంత గిరాకీ ఉన్న లోకంలో బతకటానికి ఆమె పుట్టుకను దాచుకున్నది. సయామును గురించి ఆమె 1870లోనూ 1873లోనూ రాసిన పుస్తకాల్లో, టప్టింను చిత్రవధ చేశారన్న కథతో సహా, చాలా భాగాన్ని చరిత్రకారులు నమ్మరు. మార్గరెట్ లాండన్ 1944లో రాసిన నవల, దాని మీద ఆధారపడిన నాటకం ఆ పుస్తకాల నుంచే వచ్చాయి.

రాజు మోంగ్‌కుట్ సంగతి చూద్దాం. నాటకంలో అతను వచ్చీరాని ఇంగ్లీషులో చిన్నపిల్లవాడిలా మారాం చేస్తాడు. అసలు మోంగ్‌కుట్ సింహాసనం ఎక్కేముందు 27 ఏళ్లు బౌద్ధభిక్షువుగా ఉండి పాళీ, లాటిన్, ఇంగ్లీషు, ఖగోళశాస్త్రం చదివినవాడు. 1868 ఆగస్టు 18న రాబోయే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ముందుగా లెక్కకట్టి, దాన్ని చూడటానికి ఇంగ్లీషు గవర్నరునూ ఫ్రెంచి శాస్త్రజ్ఞులనూ వాకో అనే తీరగ్రామానికి ఆహ్వానించాడు. లెక్క తప్పలేదు. ఆ గ్రహణపు నీడ అదే రోజు, సయాం చేరటానికి ముందు, మన గుంటూరు మీదుగా పోయింది. గుంటూరులో దుర్భిణి పెట్టుకు కూర్చున్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యుడి అంచు కాంతిని పరిశీలించాడు. ఆ పరిశీలనలే తర్వాత హీలియం ఆవిష్కరణకు దారితీశాయి. గుంటూరులో జాన్సెన్ చేసిన పని సైన్సు పుస్తకాలకు ఎక్కింది. వాకోలో లెక్కకట్టిన రాజు అక్కడే మలేరియా తెచ్చుకుని అక్టోబరు 1న చనిపోతే, ప్రపంచం జ్ఞాపకం పెట్టుకున్నది అతను పంతులమ్మ దగ్గర చదువుకున్నాడని! సూర్యుడి మీద అంత లెక్క వేసిన మనిషిని బొమ్మల చిత్రం మాయలతో నిండిన దేశానికి రాజును చేసింది.

కాబట్టి మూలాన్ని పూజించమని నేను చెప్పటం లేదు. అయితే రాజుగారి గౌరవానికి భంగం కలిగిందని గోల పెట్టటం కూడా మన పని కాదు. 1956 చిత్రాన్నీ, 1999 చివర వచ్చిన ‘ఆనా అండ్ ది కింగ్’నూ థాయిలాండ్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం కాపాడేది సయాం ప్రజల ఆత్మగౌరవాన్ని కాదు, సింహాసనాన్ని. మోంగ్‌కుట్ పండితుడే కావచ్చు. అతని అంతఃపురంలో స్త్రీలు బందీలే. అతని రాజ్యంలో బానిసలున్నారు. బానిసత్వం రద్దు చెయ్యటం అతని కొడుకు 1874లో మొదలుపెడితే 1905కు గాని పూర్తికాలేదు. తెల్లవాడి కథా అబద్ధమే, రాజుగారి కథా అబద్ధమే. ఈ రెండు అబద్ధాల మధ్య నలిగిపోయేది టప్టిం.

నాటకానికి ఉన్న విలువ ఇక్కడే ఉన్నది. రచయితలు ఉదారవాదులు, వాళ్ల కళ్లకు గంతలున్నాయి, వాళ్ల ఆధారాలు కల్పితాలు. అయినా వాళ్లు నాటకం మధ్యలో ఒక బానిసకు రంగస్థలం ఇచ్చారు. ఇచ్చిన తర్వాత ఆమె అన్నమాటలు వాళ్ల చేతుల్లో కూడా ఇమడలేదు. రాజునూ దాటి, ఆనానూ దాటి, ప్రేక్షకుల దేశం దాకా పోయాయి. రచయిత ఉద్దేశాన్ని కృతి దాటిపోవటమంటే ఇదే. వాస్తవికతకు ఒక కిటికీ తెరిచి ఉంచినంతకాలం లోపలి గది ఎంత ఇరుకైనా గాలి వస్తుంది. బొమ్మల చిత్రం ఆ ఇరుకు గదిని అట్లాగే ఉంచి కిటికీ మూసేసింది. తెల్ల పంతులమ్మ ఉన్నది, వచ్చీరాని ఇంగ్లీషు ఉన్నది, పళ్లూడిన ఆసియావాడు ఉన్నాడు. లేనిది ఒక్క టప్టిం నాటకమే. సామ్రాజ్యవాద దృష్టి అంతా మిగిలి, దానికి విరుగుడుగా ఉన్న ఒక్క చుక్క ఇంకిపోయింది.

మన దగ్గర కూడా పిల్లల కోసం పురాణాలూ జానపద కథలూ బొమ్మల చిత్రాలవుతున్నాయి. బడుల్లో నాటకాలను కుదించి ఆడిస్తున్నాము. కుదించక తప్పదు, గంటకు మించి పిల్లలు కూర్చోరు. ఏం తగ్గించాలన్నది ప్రతిసారీ వచ్చే ప్రశ్న. కత్తెర పట్టుకున్న ఉపాధ్యాయుడు ఒక్క సంగతి గమనిస్తే చాలు: కథలో అందరికంటే కింద ఉన్న మనిషి నోటినుంచి వచ్చే మాట ఏది? దాన్ని ముందు పక్కన పెట్టుకుని, దాని చుట్టూ మిగిలినదాన్ని కుదించాలి. ఏనుగుపిల్లా కోతీ కావాలంటే ఉంచుకోవచ్చు, పిల్లలకు సరదాగా ఉంటుంది. సయాం విందులో ఆ పిల్ల లేచి నిలబడి చెప్పవలసింది చెప్పిన తర్వాత కోతిని ఎంతసేపైనా గంతులు వెయ్యనివ్వండి.